చెవి ముట్టుకుంటేనే పిల్లలు ఏడుస్తుంటే: బయటి చెవి ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు ఏం చేయాలి, ఎలా చేయాలి

మా బాబుకి అప్పుడు తొమ్మిదేళ్లు. మే నెల సెలవులకి జనగామ దగ్గర మా అమ్మవాళ్ల ఊళ్లో ఉన్నాడు, పొద్దున సాయంత్రం రెండు పూటలా వాళ్ల మామయ్యతో వ్యవసాయ బావిలో ఈత. మొదటి రెండు రోజులు చెవి దురదగా ఉందన్నాడట, ఎవరూ పట్టించుకోలేదు. మూడో రోజు నొప్పి అన్నాడు, మా అమ్మ ప్రేమకొద్దీ వెల్లుల్లి రేకలు వేసి కాచిన నూనె గోరువెచ్చగా రెండు చుక్కలు వేసింది. నాలుగో రోజు దగ్గర్లో ఓ మెడికల్ షాపులో అడిగితే గులిమి కరిగే చుక్కలు ఇచ్చారు, అవీ వేశారు. ఐదో రోజు రాత్రి నేను ఊరికి వెళ్లేసరికి వాడు ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోతున్నాడు, అన్నం నమలలేకపోతున్నాడు, నేను తల నిమురుదామని చెయ్యి చాపితేనే రెండు చేతులతో చెవి దాచుకుని "అమ్మా ముట్టకే, ముట్టకే" అని ఏడుపు. టార్చ్ వేసి చూస్తే చెవి రంధ్రం ఉండాల్సిన చోట ఎర్రగా వాచిన చర్మం తప్ప ఏమీ కనపడలేదు, పూర్తిగా మూసుకుపోయింది.

ఆ తర్వాత పది రోజుల్లో నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇది మందు దొరకని జబ్బు కాదు, మందు లోపలికి చేరక ముదిరే జబ్బు. ఆ ఒక్క విషయం ముందే తెలిసి ఉంటే మా వాడు అన్ని రాత్రులు నిద్ర లేకుండా ఉండేవాడు కాదు.

ముందు ఇది బయటి చెవా, మధ్య చెవా చూసుకోండి

పిల్లలకి చెవిపోటు అనగానే మనకి అన్నీ ఒకటే అనిపిస్తుంది, కానీ రెండు రకాలు. జలుబు, దగ్గు, జ్వరం వచ్చి దాని వెనకే చెవి నొప్పి వస్తే అది ఎక్కువగా కర్ణభేరికి లోపలి వైపు ఉండే మధ్య చెవిలో ఇన్ఫెక్షన్, రెండేళ్ల లోపు పిల్లలకి ఎక్కువగా వచ్చేది అదే. అందులో రాత్రంతా ఏడ్చి, తెల్లారేసరికి కర్ణభేరికి చిల్లు పడి చీము కారి, కారగానే నొప్పి తగ్గిపోతుంది కొంతమందికి. బయటి చెవి ఇన్ఫెక్షన్ అంటే రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉండే ఆ చిన్న సొరంగం లాంటి దారిలో చర్మానికి వచ్చేది. ఇది బడి వయసు పిల్లల్లో, ఈత కొట్టేవాళ్లలో, వేసవిలో, ఉక్కపోతగా ఉండే రోజుల్లో ఎక్కువ.

ఇంట్లో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. చెవి రంధ్రానికి ముందు, చెంప వైపు, చిన్న తలుపులా ఒక మెత్తటి ముక్క ఉంటుంది కదా, దాన్ని వేలితో మెల్లగా నొక్కండి. లేదా చెవి డొప్పని మెల్లగా వెనక్కి కదపండి. పిల్లాడు ఎగిరిపడ్డాడంటే అది చాలావరకు బయటి చెవే, మధ్య చెవి ఇన్ఫెక్షన్‌లో సాధారణంగా డొప్ప కదిపితే నొప్పి పెరగదు. నమిలేటప్పుడు నొప్పి, చెవి మూసుకుపోయినట్టు సరిగా వినపడకపోవడం, ముందు దురద వచ్చి తర్వాత నొప్పి రావడం, పల్చగా వాసన వచ్చే రసి కారడం, ఇవి కూడా బయటి చెవి గుర్తులే. ఇది మీకు ఒక అంచనా కోసం చెప్తున్నా, తేల్చాల్సింది మాత్రం చెవిలోకి లైటు పెట్టి చూసే డాక్టరే.

అంత నొప్పి ఎందుకంటే, ఆ దారి లోపలి భాగంలో చర్మం చాలా పల్చగా నేరుగా ఎముకని అంటుకుని ఉంటుంది, కింద మెత్తగా కొవ్వు ఏమీ ఉండదు, వాపు వస్తే సాగడానికి చోటు లేదు. అందుకే పిల్లలు "కొద్దిగా నొప్పికే ఎక్కువ చేస్తున్నారు" అని అస్సలు అనుకోవద్దు, పెద్దవాళ్లకి వచ్చినా తట్టుకోలేని నొప్పి ఇది.

ఇవి కనపడితే తెల్లారేదాకా ఆగొద్దు

చెవి వెనక ఎముక మీద వాచి ఎర్రబడి చెవి డొప్ప ముందుకి తోసుకొచ్చినట్టు కనిపిస్తే, ఎరుపు చెవి దాటి చెంపకో మెడకో పాకుతుంటే, 102 డిగ్రీలు, ఆ పైన జ్వరం ఉంటే, మూతి ఒక పక్కకి వంకరపోతే లేదా ఒక కన్ను సరిగా మూయలేకపోతే, వాంతులు, మెడ బిగుసుకోవడం, మత్తుగా పడి ఉండటం ఉంటే, రాత్రయినా సరే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. షుగర్ ఉన్న పిల్లలు, క్యాన్సర్ మందులు గానీ చాలా రోజులుగా స్టెరాయిడ్లు గానీ వాడుతున్న పిల్లలు అయితే ఈ గుర్తులు లేకపోయినా అదే రోజు చూపించాలి, వాళ్లలో ఇన్ఫెక్షన్ చర్మం దాటి ఎముక దాకా వెళ్లే ప్రమాదం ఉంది.

ఇంకోటి. చిన్నపిల్లలు చెవిలో ఏమైనా పెట్టుకున్నారేమో అడగండి. పూస, శనగగింజ, పెసరగింజ ఇలాంటివి ఉంటే నీళ్లు, చుక్కలు పోయకండి, గింజ నాని ఉబ్బి ఇంకా బిగుసుకుంటుంది. బొమ్మల్లో వాచీల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ పెట్టుకున్నారని అనుమానం వచ్చినా అది ఎమర్జెన్సీ, గంటల్లోనే లోపల చర్మం కాలిపోతుంది, ఏ చుక్కలూ వేయకుండా వెంటనే పరిగెత్తాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేలోపు

చెవిలో ఏమీ వేయకండి, అంతే. వేడి నూనె, వెల్లుల్లి నూనె, ఆకు పసరు, తల్లిపాలు, హైడ్రోజన్ పెరాక్సైడ్, పాత సీసాలో మిగిలిన చుక్కలు, ఏవీ వద్దు. చెవిలో నీళ్లు పోయాయని ఇంకొన్ని నీళ్లు పోసి తిప్పి వంచేది కూడా వద్దు. నూనె పోస్తే ఏం అవుతుందని మా అమ్మే డాక్టర్‌ని అడిగింది, ఆయన ఓపిగ్గా చెప్పాడు. లోపల ఊడిన చర్మం, రసి, నూనె అన్నీ కలిసి ముద్దలా అంటుకుపోతాయి, తర్వాత మనం వేసే అసలు మందు ఆ ముద్ద మీదే ఆగిపోతుంది, చర్మానికి తగలదు. పైగా కర్ణభేరికి చిల్లు ఉందో లేదో తెలియకుండా పోస్తే అది మధ్య చెవిలోకి వెళ్తుంది. దయచేసి ఇంట్లో పెద్దవాళ్లని దీనికి తిట్టకండి, వాళ్లు చేసింది ప్రేమతోనే, వాళ్లని కూడా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, స్వయంగా వింటే మళ్లీ వేయరు.

నొప్పికి మాత్రం ఆగక్కర్లేదు. పారాసెటమాల్ సిరప్ బరువుని బట్టి ఇవ్వాలి, వయసుని బట్టి కాదు, కిలోకి 15 మి.గ్రా. లెక్క. ఉదాహరణకి 20 కిలోల పిల్లాడికి 300 మి.గ్రా., అంటే 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉండే సిరప్ అయితే 6 మి.లీ. సీసా మీద బలం తప్పకుండా చదవండి, 120 ఉండేది, 125 ఉండేది, 250 ఉండేది అన్నీ ఒకేలా కనపడతాయి, చిన్నపిల్లల డ్రాప్స్ అయితే ఇంకా చిక్కగా ఉంటాయి. కనీసం 4 నుంచి 6 గంటల తేడా ఉండాలి, రోజుకి 4 సార్లు మించొద్దు. ఐబుప్రోఫెన్ ఈ నొప్పికి బాగా పనిచేస్తుంది కానీ డాక్టర్‌ని అడిగి, ఏమైనా తిన్నాకే ఇవ్వండి, వాంతులు విరేచనాలు అవుతున్నా, డెంగీ అనుమానం ఉన్నా ఇవ్వొద్దు. ఆస్పిరిన్ పిల్లలకి అసలు వద్దు. చెవి మీద పొడి గుడ్డని కొద్దిగా వెచ్చచేసి బయట పెట్టొచ్చు, వాడికి హాయిగా ఉంటేనే.

డాక్టర్ దగ్గర ఏం జరుగుతుంది, మీరు ఏం అడగాలి

వీలైతే ఈఎన్‌టీ డాక్టర్‌కే చూపించండి, ముఖ్యంగా రంధ్రం మూసుకుపోయినంత వాపు ఉంటే. ఎందుకంటే దీనికి సగం వైద్యం శుభ్రం చేయడమే, అది మామూలు క్లినిక్‌లో ఉండే సామాన్లతో కుదరదు. చిన్న సక్షన్ గొట్టంతో చూస్తూ చూస్తూ లోపలి రసి, ఊడిన చర్మం తీస్తారు, మిషన్ చప్పుడుకి పిల్లలు భయపడతారు కాబట్టి ముందే చెప్పి ఉంచండి, గంట ముందు నొప్పి మందు వేసి తీసుకెళ్తే ఇంకా మంచిది.

వాపు మరీ ఎక్కువగా ఉంటే వత్తి పెడతారు. స్పాంజ్ లాంటి సన్నటి పుల్ల గానీ మందు రాసిన గాజుగుడ్డ గానీ ఆ ఇరుకు సందులోంచి లోపలికి పెడతారు. స్పాంజ్ అయితే దాని మీద చుక్కలు వేస్తే అది ఉబ్బి చర్మానికి ఆనుకుని మందుని లోపలి దాకా లాక్కెళ్తుంది. మన దీపం వత్తి నూనెని పైకి లాగినట్టే. పెట్టేటప్పుడు ఒక్క నిమిషం నొప్పి, మా వాడు గట్టిగానే అరిచాడు, కానీ ఆ రాత్రి ఐదు రోజుల తర్వాత మొదటిసారి నాలుగు గంటలు ఆపకుండా పడుకున్నాడు. రెండు మూడు రోజులకి దాన్ని తీస్తారు లేదా మారుస్తారు. ఈలోపు దానంతట అదే ఊడి పడిపోతే కంగారుపడొద్దు, వాపు తగ్గిందని అర్థం, డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పి చుక్కలు కొనసాగించండి. మీరు మాత్రం లాగొద్దు.

మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, "కర్ణభేరి కనపడిందా అండీ, చిల్లు ఏమైనా ఉందా?" చాలా ముఖ్యం ఇది. జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి మందులున్న చుక్కలు చిల్లు గుండా లోపలికి వెళ్తే వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంది, చిల్లు ఉన్నా, ఉందని అనుమానం ఉన్నా సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ చుక్కలు రాస్తారు. ఇంతకుముందు ఎప్పుడైనా చెవి కారిందా, చెవికి ఆపరేషన్ అయిందా అన్నది మీరే గుర్తు చేయాలి. చుక్కలు వేస్తుంటే గొంతులో చేదుగా తగులుతోంది అని పిల్లలు అంటే అది కూడా వెంటనే చెప్పండి, చిల్లు ఉన్నట్టు కావచ్చు.

టాబ్లెట్ ఎందుకు రాయలేదని చాలామందికి అసంతృప్తి ఉంటుంది, నాకూ అనిపించింది. కానీ సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలు 0.3 శాతం అంటే ఒక మి.లీ.లో 3 మి.గ్రా. మందు ఉన్నట్టు, నోటితో వేసుకుంటే రక్తంలోకి చేరే దానికంటే ఇది కొన్ని వందల రెట్లు ఎక్కువ బలం, నేరుగా రోగం ఉన్న చోటే. ఈ ఇన్ఫెక్షన్‌కి ఎక్కువగా కారణమయ్యే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా మనం మామూలుగా జలుబుకి దగ్గుకి వాడే అమాక్సిసిలిన్ లాంటి సిరప్‌లకి లొంగనే లొంగదు. నోటి మందులు, ఇంజెక్షన్లు ఎప్పుడంటే ఇన్ఫెక్షన్ చెవి దాటి బయట చర్మానికి పాకినప్పుడు, జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు, షుగర్ లాంటివి ఉన్నప్పుడు.

చుక్కలు వేసే పద్ధతి, అసలు పని ఇక్కడే ఉంది

మొదటి రోజు నేను వాడిని కుర్చీలో కూర్చోబెట్టి తల కొంచెం వంచి చుక్కలు వేశాను, అవి రంధ్రం దగ్గరే మంచు బిందువుల్లా నిలబడి, వాడు తల ఎత్తగానే చెంప మీదుగా జారిపోయాయి. మందు వేశామనుకున్నాం, మందు పడలేదు. డాక్టర్ దగ్గర నర్సు చూపించిన పద్ధతి ఇది.

చుక్కలు వేయడానికి అరగంట ముందు నొప్పి మందు టైమ్ అయ్యేలా చూసుకోండి, మొదటి రెండు మూడు రోజులు. చేతులు కడుక్కుని సీసాని గుప్పిట్లో రెండు మూడు నిమిషాలు పట్టుకోండి, చల్లటి చుక్కలు పడితే కళ్లు తిరుగుతాయి, పిల్లలు ఇంకోసారి దగ్గరికి రానివ్వరు. వేడి నీళ్లలో పెట్టి వెచ్చచేయొద్దు. పిల్లాడి తల మీ ఒళ్లో పెట్టుకుని నొప్పి చెవి పైకి ఉండేలా పూర్తిగా పక్కకి తిప్పి పడుకోబెట్టండి. బయటికి కనపడే రసిని పొడి దూదితో తుడవండి, లోపలికి పోనివ్వకండి.

ఇప్పుడు చెవి డొప్ప లాగాలి, దారి వంకరగా ఉంటుంది కాబట్టి తిన్నగా అవ్వడానికి. మూడేళ్లు దాటిన పిల్లలకి పైకి, వెనక్కి. మూడేళ్ల లోపు వాళ్లకి కిందకి, వెనక్కి. మెల్లగా. చుక్కలు నేరుగా మధ్యలో పోయకుండా ఒక పక్క గోడ మీద పడేలా వేయండి, అప్పుడు లోపలి గాలి ఇంకో పక్క నుంచి బయటికి వస్తుంది, లేదంటే గాలి అడ్డం పడి మందు పైనే ఆగిపోతుంది. సీసా మూతి చెవికి తగలకూడదు. వత్తి ఉంటే ఆ వత్తి తడిసేలా దాని మీదే వేయండి. ఎన్ని చుక్కలు, ఎన్నిసార్లు అన్నది మందుని బట్టి మారుతుంది, మా వాడికి రాసింది రోజుకి రెండుసార్లు, నాలుగేసి చుక్కలు, ఏడు రోజులు, మీది మీ చీటీ ప్రకారమే.

వేశాక ఆ ముందున్న చిన్న తలుపు ముక్కని వేలితో మెల్లగా నాలుగైదు సార్లు నొక్కి వదలండి, చేతి పంపు కొట్టినట్టు, అది మందుని లోపలికి తోస్తుంది. నొప్పి ఎక్కువగా ఉంటే మొదటి రోజు డొప్పని కొద్దిగా ఊపినా చాలు. తర్వాత ఐదు నిమిషాలు కదలకుండా అదే పక్కన పడుకోవాలి. మా వాడు 300 దాకా లెక్కపెట్టేవాడు, నేను కథ చెప్పేదాన్ని. మూడో రోజు సాయంత్రం నేను అలా నొక్కుతుంటే "అమ్మా, లోపల గుళక్ అంది" అన్నాడు, వాపు తగ్గి దారి తెరుచుకుని మందు దిగుతోందని అప్పుడు నాకు అర్థమైంది, ఆ రోజు నుంచే నమలడం మొదలుపెట్టాడు.

లేచాక కారింది తుడిచేయండి, చెవిలో దూది కుక్కొద్దు, మందంతా దూదే పీల్చేస్తుంది. మూడు రోజులకి నొప్పి పోయిందని ఆపేయకండి, రాసినన్ని రోజులు పూర్తిగా వేయండి. అలాగని డాక్టర్ చెప్పకుండా ఇంకో పది రోజులు పొడిగించడం కూడా తప్పే, ఎందుకో కింద చెప్తా. సీసా మూత తీసిన తేదీ దాని మీద పెన్నుతో రాయండి, నెల దాటితే పారేయండి.

తడి తగలకూడదు

నయమయ్యేదాకా, అంటే కనీసం 7 నుంచి 10 రోజులు, ఈత బంద్. తలస్నానం వాయిదా వేస్తే మంచిది, తప్పదంటే దూది ఉండకి బయట వైపు వ్యాసలిన్ పూసి రంధ్రం దగ్గర అడ్డం పెట్టి పోయండి, స్నానం అవ్వగానే తీసేయండి. ఇయర్‌ఫోన్లు వద్దు. రాత్రి దిండు మీద మెత్తటి పాత నూలు గుడ్డ వేసి రోజూ మార్చండి, రసి అంటుకుంటుంది కదా. పిల్లలు నిద్రలో గోక్కుంటారు, గోళ్లు కత్తిరించండి.

రెండు మూడు రోజుల లెక్క

సరిగా మందు పడుతుంటే 48 నుంచి 72 గంటల్లో నొప్పి స్పష్టంగా తగ్గాలి. తగ్గలేదంటే ఓపిక పట్టి ఏడు రోజులు చూద్దాం అనుకోకండి, మళ్లీ వెళ్లండి. మందు లోపలికి పోకపోవచ్చు, మళ్లీ శుభ్రం చేయాల్సి రావచ్చు, ఆ మందే పడకపోవచ్చు, నియోమైసిన్ కొంతమందికి అలర్జీ, వేసిన కొద్దీ చెవి ఇంకా ఎర్రబడి దురద పెట్టి చుట్టూ పొక్కులు వస్తాయి.

లేదా అది ఫంగస్ కావచ్చు. మన దగ్గర ఎండా ఉక్కపోతా రెండూ ఉన్నాయి కాబట్టి ఇది తక్కువేం కాదు. నొప్పి కంటే దురద ఎక్కువ ఉండి, లోపల తడిసిన పేపర్ ముద్దలా తెల్లగా బూడిదగా, మధ్యలో నల్ల చుక్కలతో కనపడితే డాక్టర్లు ఫంగస్ అంటారు. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు అవసరం లేకుండా వారాల తరబడి వేస్తే మంచి బ్యాక్టీరియా పోయి ఇది పెరుగుతుంది, పైన పొడిగించొద్దు అన్నది అందుకే. దీనికి శుభ్రం చేసి క్లోట్రిమజోల్ లాంటి చుక్కలు ఇస్తారు, ఎక్కువ రోజులు పడుతుంది.

తగ్గాక

కోర్సు అయ్యాక ఒక్కసారి తప్పకుండా చూపించండి. వాపు వల్ల మొదట కర్ణభేరి కనపడి ఉండదు, ఇప్పుడు చూసి బాగుందని చెప్పాలి, వినికిడి మామూలుకి వచ్చిందా అన్నదీ తేలాలి.

మళ్లీ రాకుండా ఉండాలంటే ముందు ఇంట్లో ఇయర్ బడ్స్, పిన్నీసులు, అగ్గిపుల్లలు చెవి దగ్గరికి రాకూడదు. గులిమి మురికి కాదు, అది ఆ చర్మానికి పూసిన లేపనం లాంటిది, కొంచెం పులుపు గుణం ఉండి క్రిములని పెరగనివ్వదు, నీళ్లని నిలవనివ్వదు. గంటల తరబడి నీళ్లలో ఉంటే అది కొట్టుకుపోయి చర్మం నానిపోతుంది, అప్పుడే గోరో పుల్లో చిన్న గీత పెడితే క్రిములు లోపలికి దూరతాయి. మా వాడు దురద పుట్టినప్పుడు వాళ్ల మామయ్య బండి తాళంచెవితో గోక్కున్నాడని తర్వాత చెప్పాడు.

ఈత మానిపించలేదు, వాడికి బావి అంటే ప్రాణం. ఈ ఏడాది కూడా వెళ్లాడు. ఎక్కిరాగానే గట్టు మీద తల ఒక పక్కకి పూర్తిగా వంచి, డొప్పని అటూ ఇటూ లాగి నీళ్లు కారనిచ్చి, పొడి తువ్వాలు కొసతో బయట మాత్రమే ఒత్తుకుని, తర్వాత రెండో చెవి. ఇంటికొచ్చాక హెయిర్ డ్రైయర్‌ని తక్కువ వేడిలో అడుగు దూరంలో పెట్టి అర నిమిషం. దురద అంటే ఆ రోజుకి ఈత లేదు, ఇది వాడూ నేనూ ఒప్పుకున్న మాట. మొన్న శనివారం వాడే వచ్చి "అమ్మమ్మా, ఇవాళ కుడి చెవి దురదగా ఉంది, నేను బావికి పోను" అన్నాడట, మా అమ్మ నాకు ఫోన్ చేసి చెప్పింది.